సెలవు దినముల ఆకలి

బడికి సెలవనగా బాలురకు పండుగ. కాని అందరి యిండ్లలో కాదు. మధ్యాహ్నము పొయ్యి వెలుగని యింటి పిల్లవానికి సెలవు దినము పస్తు దినమే. ఈ సత్యము ఉపాధ్యాయులకు తెలిసినంతగా పాలకులకు తెలియదు. సోమవారము ప్రార్థనవేళ కండ్లు తిరిగి కూలబడిన పిల్లవానిని లేవనెత్తి నీళ్ళు త్రాగించువాడు ఉపాధ్యాయుడే గాని మంత్రి గాడు. సంపదకు పేరుపొందిన ఇంగ్లండు దేశమున 2020 సంవత్సరమునందు ఈ సంగతిని మంత్రులకు తెలియజెప్పు పని ఒక ఫుట్‌బాల్ క్రీడాకారునిపై బడినది. అతని పేరు మార్కస్ రాష్‌ఫర్డ్. అప్పటి కతని వయస్సు 22 ఏండ్లు.

క్రీడాకారులు తాము పెరిగిన ఊరికి ఏదో యొక మేలు చేయుట క్రొత్త సంగతి గాదు. ఆసుపత్రులకు బోయి రోగులను పరామర్శింతురు. క్రిస్మస్ పండుగకు పిల్లలకు బొమ్మలు పంచుదురు. వీధి బాలురకు ఆట నేర్పుదురు. 1986 లో ఇంగ్లండు వృత్తి క్రీడాకారుల సంఘము వాయవ్య ప్రాంతమునందలి ఆరు క్లబ్బులతో ఇట్టి సేవకొక కార్యక్రమమునే ప్రారంభించినది. 2017 లో స్పెయిన్ దేశస్థుడైన హువాన్ మాటా తన వేతనములో నూటి కొకవంతు సేవాకార్యములకు వినియోగింతునని ప్రకటించి, తోడి ఆటగాండ్రను గూడ అట్లే చేయుడని కోరెను. ఇవన్నియు మెచ్చదగినవే. అయితే రాష్‌ఫర్డ్ చేసిన పని వీనికంటె భిన్నమైనది. అతడు ఊరికి తన సొమ్మిచ్చి యూరకుండలేదు. తన ఊరి పిల్లలకు రావలసినదేదో దానిని అడిగెను. అడుగనిదే అమ్మయినను పెట్టదని మనవారందురు గదా. అమ్మ పెట్టలేని యిండ్ల తరఫున అతడు దొరతనమును అడిగెను.

అతడు 1997 అక్టోబరులో మాంచెస్టరులో జన్మించెను. ఆ నగరపు దక్షిణ భాగముననున్న విథెన్‌షా పేటలో పెరిగెను. తల్లి ఒంటరిగా సంసార మీడ్చినది. ఎన్ని పనులు చేసినను బిడ్డలకు మూడు పూటలు పెట్టుట ఆమెకు గగనమయ్యెను. ఉదయము బడిలో పెట్టు ఫలహారము, మధ్యాహ్నము బడిలో ఉచిత భోజనము, ఇరుగుపొరుగువారి ఆదరము, శిక్షకుల దయ — వీనిచేతనే తాను పెరిగితినని అతడు దాచుకొనక చెప్పెను. ఏడేండ్ల ప్రాయమున మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్బువారి బాలుర శిక్షణాలయమున చేరెను. 2016 ఫిబ్రవరిలో పెద్ద జట్టు తరఫున మొదటిసారి ఆడి, ఆనాడే రెండు గోలులు కొట్టెను. అటుపిమ్మట కీర్తి, ధనము రెండును వచ్చినవి. కాని ఆకలి సంగతి అతడు మరచిపోలేదు.

ఇచ్చట ఆ దేశపు ఫుట్‌బాల్ పుట్టుక కొంత చెప్పవలసి యున్నది. అక్కడి క్లబ్బులు ధనికుల వినోదముకొరకు పుట్టినవి గావు. పేటల కడుపున బుట్టినవి. నేడు లోకమెల్ల నెరిగిన మాంచెస్టర్ యునైటెడ్ 1878 లో న్యూటన్ హీత్‌లోని రైల్వే కార్ఖానా పనివారు పెట్టుకొన్న జట్టు. దాని దాయాది యగు మాంచెస్టర్ సిటీ 1880 లో వెస్ట్ గార్టన్ పేటలోని ఒక చర్చిని ఆశ్రయించి పుట్టినది. 1961 జనవరి వరకు ఆటగానికి వారమునకు 20 పౌన్లకు మించి ఈయరాదని నిబంధన యుండెను. ఆటగాడును, ఆటచూడ వచ్చిన కార్మికుడును ఒకే పేటలో కాపురముండి, ఒకే బస్సెక్కి మైదానమునకు వచ్చిన రోజులవి. ఊరి ఋణమను ప్రశ్నయే అప్పుడు లేదు, ఆటగాడు ఊరిలోనివాడే. జిమ్మీ హిల్ నాయకత్వమున క్రీడాకారుల సంఘము సమ్మెకు సిద్ధపడగా ఆ నిబంధన రద్దయినది. అది న్యాయమే, వారి చెమటపై ఇతరులు లాభమార్జించుచుండగా వారిని కూలికి కట్టివేయుట తగదు. 1992 లో ప్రీమియర్ లీగ్ ఏర్పడిన పిదప టెలివిజన్ సొమ్ము వెల్లువవలె వచ్చినది. సామాన్య కార్మికుడు కొన్ని యేండ్లు శ్రమించి గడించు ధనమును పేరుమోసిన ఆటగాడు ఒక్క వారములో గడింపసాగెను. క్లబ్బుల పేరులు మాత్రము పాత ఊరి పేరులే. ఆటగాని యిల్లు పేట విడిచి దూరముగా, ఎత్తైన గోడల వెనుకకు పోయినది.

అందుచేతనే 2020 లో కోవిడ్ మహమ్మారి వచ్చి దేశము స్తంభించినప్పుడు తొలి రాయి ఆటగాండ్రపై పడినది. ఏప్రిల్ నెల మొదట ఆరోగ్యశాఖామాత్యుడు ఫుట్‌బాల్ ఆటగాండ్రు వేతనములు తగ్గించుకొని తమ వంతు కర్తవ్యము నెరవేర్చవలెనని బహిరంగముగా పలికెను. దేశములో ధనవంతులు వీరొక్కరేనా యన్న ప్రశ్న సహజముగనే వచ్చినది. ఆటగాండ్రు వాదములకు దిగక, తమలో తాము కూడబలుకుకొని ఆరోగ్యసేవకు నిధి కూర్చిరి. రాష్‌ఫర్డ్ అంతకు ముందే మార్చి నెలలోనే వేరొక పనిలో దిగి యుండెను.

బడులు మూయబడగనే అతనికి మొదట తట్టిన ప్రశ్న ఒక్కటే: బడిలో భోజనము చేయు పిల్లలు ఇప్పుడెక్కడ తిందురు? అతడు మిగులు ఆహారమును సేకరించి పేదలకు చేర్చు ఫేర్‌షేర్ అను ధర్మసంస్థతో చేతులు కలిపెను. మొదట మాంచెస్టరు చుట్టుపట్ల పిల్లలకని తలపెట్టిన పని దేశమంతట వ్యాపించినది. అతని పిలుపు నందుకొని దాతలును వ్యాపారులును ఇచ్చినది 2 కోట్ల పౌన్లకు మించినది. సామాన్యముగా ఇట్టి కథ ఇక్కడితో ముగియును. సన్మానము జరుగును, ఫొటోలు పడును, ఆటగాడు ఆటలోనికి పోవును.

కాని వేసవి సెలవులు సమీపించినవి. బడులు మూసిన కాలమున అర్హులైన పిల్లల కుటుంబములకు వారమునకు 15 పౌన్ల విలువగల ఆహారపు చీటీల నిచ్చుచున్న ప్రభుత్వము, సెలవులలో అవి ఉండవని ప్రకటించెను. ధర్మసంస్థల మూటలు ఎన్ని యిండ్లకు చేరగలవు? 2020 జూన్ 15 న రాష్‌ఫర్డ్ పార్లమెంటు సభ్యులందరి నుద్దేశించి ఒక బహిరంగ లేఖ వ్రాసెను. అందులో అంకెలకంటె అతని బాల్యమే ఎక్కువగా నున్నది. ఇది పార్టీల వ్యవహారము గాదనియు, మానవత్వపు వ్యవహారమనియు అతడు విన్నవించెను. మరునాడే ప్రభుత్వము మాట మార్చుకొన్నది. వేసవి ఆరు వారములకుగాను 12 కోట్ల పౌన్లు మంజూరైనవి. ఇంగ్లండులో సుమారు 13 లక్షల మంది పిల్లలు అందుకు అర్హులు. ప్రతిపక్షము వారాల తరబడి అడిగియు సాధింపలేనిది ఒక ఆటగాని లేఖ సాధించినది.

అక్టోబరులో కథ మరల మొదటికి వచ్చినది. శరత్కాలపు సెలవులకును, క్రిస్మస్ సెలవులకును చీటీలు ఇచ్చుటకు ప్రభుత్వ మొప్పుకొనలేదు. అక్టోబరు 20 రాత్రి రాష్‌ఫర్డ్ పారిస్ నగరములో ఆడి, ఆట ముగియవచ్చుచుండగా గెలుపు గోలు కొట్టెను. మరునాడు కామన్స్ సభలో ప్రతిపక్ష తీర్మానముపై ఓటు జరిగినది. అనుకూలముగ 261, ప్రతికూలముగ 322. తీర్మానము వీగిపోయినది. పిల్లలకు తిండి పెట్టుట తల్లిదండ్రుల బాధ్యతయే గాని రాజ్యముది గాదని కొందరు సభ్యులు వాదించిరి. పేదరికమునకు ఈ చీటీలు మందు గావనియు, ప్రజలు వీనికి అలవాటుపడుదురనియు మరికొందరనిరి. ఈ వాదములు మన దేశమునను విన్నవే. వానికి సరిహద్దులు లేవు.

ఆ ఓటు తరువాత జరిగినదే ఈ కథలో అన్నిటికంటె గొప్ప ఘట్టము. రాష్‌ఫర్డ్ ఎవరిని దూషింపలేదు. తనవారు ఎవరిని దూషింపకుండ వారించెను. ఊరూర చిన్న హోటళ్ళవారు, కాఫీశాలలవారు, చేపల వేపుడు దుకాణములవారు సెలవులలో పిల్లలకు ఉచితముగ భోజనము పెట్టెదమని ముందుకు వచ్చిరి. మహమ్మారివలన వ్యాపారము దెబ్బతిని, రేపటి అద్దె ఎట్లా చెల్లింతుమని కుములుచున్నవారే వారిలో ననేకులు. స్థానిక పురపాలక సంఘములును ముందుకు వచ్చినవి. వానిలో కొన్ని పాలకపక్షము చేతిలోనివే. రాష్‌ఫర్డ్ ఆ పేరులన్నిటిని ఒకదాని వెంట నొకటి, గంటల తరబడి, తన ట్విట్టర్ ఖాతాలో ప్రకటించుచు పోయెను. అభ్యర్థన పత్రముపై సంతకములు పది లక్షలు దాటినవి. నవంబరు 8 న ప్రభుత్వము శీతకాల సహాయముగ 17 కోట్ల పౌన్లను ప్రకటించినది. అంతేగాక 2021 నుండి ఈస్టరు, వేసవి, క్రిస్మస్ సెలవులలో పేద పిల్లలకు భోజనముతో కూడిన కార్యక్రమములు దేశమంతట జరుపుటకు నిర్ణయమైనది.

ప్రకటన వేరు, పళ్ళెములోనికి వచ్చునది వేరు. 2021 జనవరిలో బడులు మరల మూతపడినప్పుడు చీటీలకు బదులు సరకుల మూటలు పంపిరి. ఒక తల్లి తనకు చేరిన మూటను విప్పి, నేలపై పరచి, ఫొటో తీసి లోకమునకు చూపినది. రెండు బంగాళదుంపలు, రెండు కారట్లు, ఒక టొమేటో, మరికొన్ని చిల్లర సరకులు. ఆమె ధర కట్టగా 5 పౌన్ల చిల్లర అయినది. సరఫరాదారుల లెక్క వేరుగా నున్నను, ఆ ఫొటోను చూచినవారికి లెక్కలతో పనిలేకపోయినది. రాష్‌ఫర్డ్ దానిని గూర్చియు నిలదీసెను. బడులు మరల చీటీల నిచ్చుటకు వీలు కలిగినది.

ఇతనిపై విమర్శలు లేకపోలేదు. అంత ఆదాయము గలవాడు తానే పిల్లలకు పెట్టరాదా అని కొందరు. ప్రచార నిపుణులు వెనుక నుండి నడిపించుచున్నారని కొందరు. రెండవ మాటలో కొంత నిజముండవచ్చును. ఈ కాలమున ప్రసిద్ధులు నిపుణుల సహాయము లేక బహిరంగముగ నోరు విప్పుట అరుదు. కాని లేఖలోని ఆకలి నిపుణులు కల్పించినది గాదు. మొదటి ప్రశ్నకు సమాధానము అంకెలే చెప్పును. 13 లక్షల మంది పిల్లలకు ఆరు వారముల తిండికే 12 కోట్ల పౌన్లు కావలసినవి. ఏ ఆటగాని కాసులసంచియు అంత లోతైనది గాదు. ఒకవేళ ఉన్నను, పిల్లవాని మధ్యాహ్నపు ముద్ద ఆటగాని కాలి కండరముపై ఆధారపడవలెనా? మోకాలు బెణికిననాడు, గోలులు రానినాడు ఆ ముద్ద ఏమి కావలెను?

ఇందుకు పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగల్ దేశము నుండి వచ్చిన సాడియో మానే కథను ప్రక్కన పెట్టి చూడవలెను. అతనిది ఆ దేశపు దక్షిణ భాగముననున్న బంబాలి అను పల్లె. బాల్యముననే తండ్రి జబ్బుపడి మరణించెను. వైద్యము చేయుటకు ఊరిలో ఆసుపత్రి లేదు. లివర్‌పూల్ జట్టున పేరుపొందిన తరువాత మానే తన పల్లెలో బడి కట్టించెను. ఆ పిమ్మట సుమారు 5 లక్షల యూరోల వ్యయముతో ఆసుపత్రి కట్టింపగా, 2021 లో అది తెరువబడెను. తన తండ్రికి దక్కని వైద్యము చుట్టుపట్ల పల్లెలవారికి దక్కవలెనన్న తపన అది. ఇట్టి దానమును చూచి చేతులు జోడింపనివారుండరు. అచ్చట రాజ్యము ఆ పల్లెదాక రాలేదు గనుక ఆటగాడు రాజ్యము చేయవలసిన పనిని చేసెను. అయినను మానే గూడ ఆసుపత్రి నడచుటకు ప్రభుత్వ సహాయము కోరుచు దేశాధ్యక్షుని కలిసికొనవలసి వచ్చెను. గోడలు కట్టుటకు ఒక్కసారి ధనమిచ్చిన చాలును. వైద్యునికి, దాదికి నెల నెల జీత మీయవలెను, మందులు ఏటేట కొనవలెను. మానే తన ఊరికి లేనిదానిని కట్టించెను. రాష్‌ఫర్డ్ తన ఊరికి ఉండవలసినదానిని గుర్తుచేసెను. ఇద్దరిలో ఎవరు గొప్పయని తూచుట తగదు. వారి దేశములు వేరు. కాని రాజ్యమునకు చేతులున్నచోట దానిచేత పని చేయించుటయే చిరకాలము నిలుచు మేలు.

ఇంగ్లండు రాజ్యమునకు ఈ విషయమున చేతులున్నవనుటకు శతాబ్దపు చరిత్రయే సాక్ష్యము. బోయర్ యుద్ధమునకు సైన్యములో చేరవచ్చిన యువకులలో ననేకులు దేహదారుఢ్యము లేక తిరస్కరింపబడిరి. ఆ దిగులుతో 1906 లో బడిపిల్లలకు భోజనము పెట్టుటకు స్థానిక సంస్థల కధికారమిచ్చుచు చట్టము చేసిరి. సిపాయి కావలసినప్పుడు గాని రాజ్యమునకు పిల్లవాని కడుపు గుర్తురాలేదు! 1944 నాటి విద్యా చట్టము ఆ అధికారమును విధిగా మార్చినది. 1980 లో ఆ విధిని మరల సడలించి, నిరుపేద పిల్లలకు మాత్రము పరిమితము చేసిరి. ఎవరు నిరుపేద అన్న గీత అప్పటినుండి జరుగుచునే యున్నది. 2018 నుండి, ప్రభుత్వపు సహాయభృతి పొందు కుటుంబములలో సంపాదన యేడాదికి 7,400 పౌన్లు మించినచో పిల్లలకు ఉచిత భోజనపు అర్హత లేకపోయినది. రెండు పనులు చేసి నాలుగు పౌన్లు ఎక్కువ తెచ్చుకొన్న తల్లి బిడ్డ పంక్తి నుండి లేవవలసినదే. రాష్‌ఫర్డ్ తల్లివంటివారి మెడకు తగులు గీత యది.

ఈ దృష్టితో చూచినచో మన దేశమునకు సిగ్గుపడవలసిన పని లేదు. గర్వపడి కూర్చుండ వలసిన పనియు లేదు. 2001 నవంబరు 28 న సుప్రీముకోర్టు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో వండిన మధ్యాహ్న భోజనము పెట్టవలెనని ఉత్తరు విచ్చినది. 2013 నాటి ఆహార భద్రతా చట్టము దానిని ఆరు మొదలు పదునాలుగేండ్ల బాలబాలికల హక్కుగా చేసినది. బడిలో భోజనము పెట్టలేకపోయినచో ధాన్యమును, వంట ఖర్చును భత్యముగ నీయవలెనని 2015 నాటి నియమములు చెప్పుచున్నవి. కావున 2020 లో బడులు మూతపడినప్పుడు తెలుగునాట పిల్లలకు బియ్యము పంచుటకు ఏ ఆటగాడును లేఖ వ్రాయవలసిన అవసరము కలుగలేదు. అమలు సంగతి ఊరూర ఉపాధ్యాయులే యెరుగుదురు. కాని అదే చట్టము సెలవు దినములను మినహాయించినది. కరవు ప్రాంతములలో వేసవి సెలవులందును భోజనము పెట్టవలెనని 2004 లో సుప్రీముకోర్టు చెప్పవలసి వచ్చినది. రాయలసీమలోను, పాలమూరులోను మే నెల యెండలో తల్లిదండ్రులు వలసపోయిన యింట అవ్వ దగ్గర మిగిలిన పిల్లవానిని తలచుకొన్నచో విథెన్‌షా మనకంత దూరము గాదు.

రాష్‌ఫర్డ్‌కు 2020 లోనే రాణిగారి పేర బిరుదు వచ్చినది. మాంచెస్టరులోని విథింగ్టన్‌లో ఒక కాఫీశాల గోడపై అతని నిలువెత్తు చిత్రమును గీసిరి. 2021 జులై 11 న ఐరోపా పోటీల అంతిమ ఆటలో ఇటలీపై అతడు కొట్టిన పెనాల్టీ బంతి గోలు స్తంభమునకు తగిలి బయటికి పోయినది. ఇంగ్లండు ఓడినది. ఆ రాత్రియే ఎవరో ఆ గోడపై రోతవ్రాతలు వ్రాసిరి. అతనికిని, మరి ఇద్దరు నల్లజాతి ఆటగాండ్రకును జాతిదూషణలతో సందేశములు పోటెత్తినవి. పిల్లలకు అన్నము పెట్టించినవాడు ఒక్క తన్ను తప్పగానే పరాయివాడయ్యెను! కాని తెల్లవారిన పిదప ఆ పేటవారు వచ్చి రోతను కప్పుచు గోడనిండ కాగితములు అంటించిరి. హృదయపు బొమ్మలు, జెండాలు, చిన్న చిన్న ఉత్తరములు. వానిలో అనేకము పిల్లల వంకర అక్షరములతో వ్రాసినవే. కొన్ని దినములలో ఆ గోడపై ఖాళీ లేకపోయినది.

తరువాతి యేండ్లలో అతని ఆట కొంత మందగించినది. 2025 ఫిబ్రవరిలో యునైటెడ్‌వారు అతనిని ఆస్టన్ విల్లా జట్టునకు ఎరువిచ్చిరి. అదే సంవత్సరము జులైలో బార్సిలోనాకు పంపిరి. ఈ రెండు ప్రయాణముల నడుమ, జూన్ నెలలో, లండనులోని క్రొత్త ప్రభుత్వము 7,400 పౌన్ల గీతను చెరిపివేయుచున్నట్లు ప్రకటించెను. 2026 సెప్టెంబరు మొదలు సహాయభృతి పొందు ప్రతి కుటుంబపు పిల్లలకును బడిలో ఉచిత భోజన మీయబడునని అందలి సారాంశము. క్రొత్తగా పంక్తిలో కూర్చుండువారు 5 లక్షలకు మించుదురని ప్రభుత్వపు అంచనా. ఆ నిబంధనలో రాష్‌ఫర్డ్ పేరెచ్చటను లేదు.